3018 సీఎన్‌సీ మిషన్‌లో (కంప్యూటర్ నడిపే చెక్కుడు మిషన్) వృత్తం గుండ్రంగా రావట్లేదు, నట్ మార్చాలా?

తిరుపతి చెక్కపని:
అన్నలూ, టేకు మీద నేమ్ బోర్డులు, శంఖుచక్రాలు చెక్కుతుంటా. ఈ మధ్య 30 మి.మీ. వృత్తం కోస్తే అడ్డంగా 29.7, నిలువుగా సరిగ్గా 30 వస్తోంది. ఎక్స్ (అడ్డం) స్టెప్స్ విలువ, అంటే మి.మీ.కి మోటారు వేసే అడుగుల లెక్క, పెంచితే అది కుదిరింది గానీ 100 మి.మీ. గీత కాస్తా 101 అయి కూర్చుంది. బిట్టుండే క్యారేజీని జరిపే స్క్రూ మీది నట్ కొత్తది తెప్పించనా, ఖాళీ తక్కువుండే బాల్ స్క్రూకి మారిపోనా? నెలాఖరుకి బోర్డులు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

గాజులమండ్యం లేత్:
ముందు స్టెప్స్ పాత విలువకే పెట్టేయ్ తమ్ముడూ. కొలత చిన్నదైనా పెద్దదైనా అదే 0.3 పోతుంటే ప్లే (భాగాల మధ్య ఖాళీ) ఉన్నట్టు, పొడవుతో పాటు తేడా పెరిగితేనే స్టెప్స్ లెక్క తప్పినట్టు. వృత్తాన్ని గడియారం అనుకుని చూడు, 3, 9 దగ్గర చదునుగా ఉంటే ప్లే ఎక్స్‌లో, 12, 6 దగ్గరైతే వై (నిలువు)లో.

డయల్ గేజ్ (ముల్లుతో సన్న కదలిక కొలిచేది) ఉందా? ఫ్రేమ్ అల్యూమినియం కదా, మాగ్నెట్ స్టాండ్ పట్టదు, పక్కన ఇనప ప్లేటు బిగించి దానిమీద నిలబెట్టు. ఒక దిక్కుకి 1 మి.మీ. జరిపి ముల్లు సున్నాకి తెచ్చి, ఇప్పుడు వెనక్కి 0.02 చొప్పున జరుపుతూ పో. ముల్లు కదలకముందు ఎంత పోయిందో అదే నీ బ్యాక్‌లాష్, అంటే దిక్కు మారినప్పుడు ఖాళీలో పోయే కదలిక.

చిత్తూరు రౌటర్:
కొలత సరే, ప్లే ఎక్కడుందో తెలియకుండా నట్ కొంటే డబ్బులు దండగ. జీఆర్‌బీఎల్‌లో (మిషన్ బోర్డులోని సాఫ్ట్‌వేర్) $1=255 అని సెట్టింగ్ పెడితే మోటార్లు ఆగినా పట్టు వదలవు. అప్పుడు స్క్రూ మీద వేలు పెట్టి క్యారేజీని అటూ ఇటూ ఊపు. స్క్రూ కదలకుండా క్యారేజీ ఒక్కటే కదిలితే నట్ అరిగినట్టు, స్క్రూ కూడా కలిసి జరిగితే కప్లింగో (మోటారునీ స్క్రూనీ కలిపేది) బేరింగో వదులైనట్టు.

కుప్పం మేకర్:
మ్యాక్3 అనే మిషన్ నడిపే సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌లాష్ కాంపెన్సేషన్ (ఆ ఖాళీని లెక్కలో సర్దేది) ఉంటుంది, అంకె వేస్తే సరిపోదా?

చిత్తూరు రౌటర్:
మ్యాక్3లో, లినక్స్‌సీఎన్‌సీలో ఉంది, మామూలు జీఆర్‌బీఎల్‌లో లేదు. ఉన్నా ఖాళీ ఖాళీయే సామీ, క్లైంబ్ కటింగ్‌లో (బిట్టు పళ్లు తిరిగే దిక్కుకే చెక్క జరిగేలా కోయడం) బిట్టు చెక్కని లాగితే క్యారేజీ ఆ సందులోకి జారుతుంది.

తిరుపతి చెక్కపని:
స్క్రూయే ముందుకీ వెనక్కీ జరుగుతోంది! కప్లింగ్‌ని బిగించే చిన్న గ్రబ్ స్క్రూ వదులైంది. బిగించి, స్క్రూ చివర బేరింగ్‌కి ఆనించి లాక్ కాలర్ (స్క్రూ జరక్కుండా పట్టే రింగు) వేశా, బ్యాక్‌లాష్ 0.08కి దిగింది. ఆ మిగిలింది నట్‌దేనా?

గాజులమండ్యం లేత్:
అయ్యుండొచ్చు. నట్ స్ప్రింగు కొంచెం బిగించు, మరీ బిగిస్తే మోటారు స్టెప్పులు మిస్సవుతుంది. టేకు మీద 0.08 అంటే ఉప్పుకాగితం రుద్దితే పోయేదే, ముందు బోర్డులు ఇచ్చేయ్.