ఎర చేపలకు రోగ పరీక్ష: చిన్న అమ్మకందారు మీద ఇంత భారం న్యాయమేనా?

ఏరీ తీరం:
మేముండేది అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో ఏరీ సరస్సు ఒడ్డున ఉన్న బఫెలోలో. సెలవు వస్తే పిల్లలతో గాలానికి వెళ్తాం. ఎరకు ఎమరాల్డ్ షైనర్ వాడతాం, వేలెడు పొడుగు వెండి రంగు చేప, బతికున్నదే కావాలి. నయాగరా నదిలో చేతి వలతో వీటిని పట్టి అమ్మే ఒక పెద్దాయన దగ్గరే కొనేవాళ్లం. న్యూయార్క్ నిబంధన ప్రకారం, పరీక్ష చేయించని ఎరను పట్టిన నీళ్లలోనే వాడాలి. దూరంగా ఉన్న లోపలి సరస్సులకు వెళ్లేవాళ్లకు అమ్మాలంటే రోగం లేదని పరీక్షలో తేలాలి, రసీదు ఇవ్వాలి. ఆయన బేరాల్లో సగం వాళ్లవే. పరీక్ష ఖర్చు తట్టుకోలేక మానేశాడు. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తోంది.

గోదావరి చెరువు:
మీ బాధ అర్థమైందండీ. కానీ మాది భీమవరం వైపు. 1990లలో తెల్లమచ్చ రోగం వచ్చినప్పుడు మా నాన్న టైగర్ రొయ్యల చెరువు నాలుగు రోజుల్లో ఖాళీ అయింది. అప్పట్లో సీడ్‌కి, అంటే రొయ్య పిల్లలకి, పరీక్ష అన్న మాటే లేదు. ఇప్పుడు మా అన్నయ్య పీసీఆర్ (వైరస్ పరీక్ష) రిపోర్టు చూడకుండా ఒక్క పిల్ల కూడా చెరువులో వదలడు. మీ దగ్గర ఈ పరీక్షలు పెట్టింది వీహెచ్‌ఎస్ అనే చేపల వైరస్ కోసం, అదీ అలాంటిదే. మనుషులకు ఏమీ చేయదు గానీ చేపలకు లోపల రక్తస్రావం చేసి చంపుతుంది. 2005, 2006లో గ్రేట్ లేక్స్‌లో (ఏరీతో కలిపి అక్కడి అయిదు పెద్ద సరస్సుల్లో) చేపలు కుప్పలుగా చచ్చాయి. 2006 అక్టోబరులో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆ సరస్సుల చుట్టూ ఉన్న ఎనిమిది రాష్ట్రాల నుంచి బతికున్న చేపల రవాణాకు అడ్డుకట్ట వేసింది. అయినా 2007లో మిచిగన్ రాష్ట్రం లోపలి భాగంలో ఉన్న బడ్ లేక్ అనే సరస్సులో వైరస్ బయటపడింది. బకెట్లో మిగిలిన ఎరను గట్టున నిలబడి నీళ్లలో పారబోస్తే చాలు కదా, ఇలా పాకడానికి.

ల్యాబ్ మనిషిని:
పరీక్ష మీద అతిగా నమ్మకం పెట్టుకోవద్దు. మామూలుగా ఒక బ్యాచ్ నుంచి 60 చేపలు తీస్తారు. నూటికి అయిదింటికి రోగం ఉంటే కనీసం ఒక్కటైనా దొరికే అవకాశం 95 శాతం. నూటికి ఒక్కదానికే ఉంటే? సగానికి పైగా సార్లు బ్యాచ్ మొత్తం శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. పైగా కణాల కల్చర్ (వైరస్ పెరుగుతుందేమో కణాల్లో పెంచి చూసే పరీక్ష) ఫలితానికి వారాలు పడుతుంది, అంతవరకు ఆ చేపలను తొట్లలో బతికించాలి. ఆర్కన్సా రాష్ట్రంలో చెరువుల్లో ఎర పెంచే రైతులకు ఈ పద్ధతి సరిపోతుంది. చెరువు బయటి నీళ్లతో కలవదు, ఏటేటా పరీక్షిస్తే చరిత్ర తెలుస్తుంది. నదిలో రోజుకో కొత్త గుంపు వస్తుంది. నయాగరా నది మొదలయ్యే ఏరీ సరస్సులో వైరస్ ఉందని ఎప్పుడో తేలింది కాబట్టి, అక్కడి చేప పరీక్షలో నెగ్గినా లోపలి సరస్సుకు పోకూడదనే నేనంటాను.

ఏరీ తీరం:
60 చేపల లెక్క చదివాక ఒక మాట ఒప్పుకుంటాను: నది చేప లోపలికి వెళ్లకూడదు. మరి ఆ పెద్దాయన సంగతేమిటి? మేమందరం గాలం లైసెన్సుకు డబ్బు కడుతున్నాం. అందులోంచి కొంత, ఇలా బేరాలు పోయినవాళ్లు చెరువు ఎర తెప్పించి అమ్ముకోవడానికి ఇవ్వమని అడుగుదామనుకుంటున్నా.

గోదావరి చెరువు:
తప్పకుండా అడగండి. నీళ్లు తొణకని తొట్లు, గాలి పంపులు కూడా కావాలి ఆయనకు, అవీ అందులో రాయండి.