సిరామిక్ కోటింగా, వ్యాక్సా? పట్టాల పక్కన నిలిపే తెల్ల కారుకు ఏది మేలు?

కాజీపేట నివాసి
దసరాకు తెల్ల కారు కొన్నాం. భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించి తెచ్చినప్పటి నుంచి ఆరుబయటే ఉంటోంది. మా ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. ఇప్పుడు బానెట్ మీద, వెనుక డోర్ల మీద చిన్న చిన్న నారింజ రంగు చుక్కలు కనిపిస్తున్నాయి. గోటితో గీకినా పోవడం లేదు. కారు అమ్మినవారు సిరామిక్ కోటింగ్ (పెయింటు మీద పూస్తే పలుచటి గట్టి పొరగా మారే ద్రవం) వేయించుకోమంటున్నారు: 24 వేలు, ‘9హెచ్’ గట్టిదనం, ఐదేళ్ల వారంటీ. మా బావ మాత్రం ఒక డబ్బా వ్యాక్స్ కొనుక్కుని అప్పుడప్పుడు రుద్దితే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి? కడగడానికి ఏ సబ్బు మంచిది? మాది బోరు నీళ్లు.

వరంగల్ ట్యాక్సీ
హైదరాబాద్ దారిలో రోజూ తిరిగే బండి నాది. బట్టల సబ్బు పొడి, బకెట్ నీళ్లు, పాత బనియను గుడ్డ. పెయింటు ఎక్కడా ఊడలేదు. ఆ 24 వేలు డీజిలుకు దాచుకోండి అన్నా.

విశ్రాంత అధ్యాపకుడు, హన్మకొండ
రసాయన శాస్త్రం చెప్పినవాడిని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ముందు సబ్బు సంగతి. బట్టల పొడిలో చాకలి సోడా ఉంటుంది. ఆ పొడి కలిపిన నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 అంటే తటస్థం) 10 దాకా, ఒక్కోసారి అంతకన్నా పైకి వెళ్తుంది. అది జిడ్డుతో పాటు కారు మీద ఉన్న వ్యాక్స్‌ను కూడా కడిగేస్తుంది, రబ్బరు అంచులను ఎండగొడుతుంది. ఒంటి సబ్బు ఇంకా పనికిరాదు. బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. పీహెచ్ 7కు దగ్గరగా ఉండే కారు షాంపూ వాడండి, అది చాలు.

ఇక ‘9హెచ్’. ఆ అంకె చూసి చాలామంది వజ్రం తరువాత అంత గట్టిది ఇదే అనుకుంటున్నారు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రానిది 10, నిజమే. కానీ కోటింగ్ డబ్బా మీద రాసే 9హెచ్‌కు ఆ కొలమానంతో ఏ సంబంధమూ లేదు. అది పెన్సిల్ పరీక్ష. పెన్సిల్‌ను 45 డిగ్రీల కోణంలో ఆనించి నెడతారు. గీత పడకపోతే ఆ పెన్సిల్ అంకె వేస్తారు. అక్కడ 9హెచ్ అంటే అన్నిటికన్నా గట్టి పెన్సిల్ అని మాత్రమే అర్థం. మన రోడ్ల మీది ఇసుకలో, కరీంనగర్ వైపు గ్రానైట్ దుమ్ములో ఉండే క్వార్ట్జ్‌కు మోస్ లెక్కలో 7. పెన్సిల్‌కు లొంగనిది క్వార్ట్జ్‌కు లొంగదని ఎవరు చెప్పారు? ఈ అబద్ధం చెప్పి వేలకు వేలు వసూలు చేస్తున్నారు.

సుబేదారి అక్క
ఆ చుక్కలు తుప్పు. పట్టాల నుంచి, రైలు బ్రేకుల నుంచి రాలే సన్నటి ఇనుప రజను గాలికి వచ్చి పెయింటులో గుచ్చుకుంటుంది. మా అన్నయ్య రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు ఆయన కారుకూ ఇలాగే వచ్చింది. షాంపూతో పోదు. గీకవద్దు.

నయీంనగర్ డీటెయిలింగ్
కార్లు శుభ్రం చేసి కోటింగ్‌లు వేసే దుకాణం నాది. అక్క చెప్పింది నిజం. దానికి విడిగా ఐరన్ రిమూవర్ దొరుకుతుంది. కారు కడిగాక, నీడలో, రేకు చల్లబడ్డాక చల్లాలి. ఇనుము ఉన్నచోటల్లా ద్రవం ఊదా రంగుకు తిరిగి ధారలు కడుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, భయపడకండి. ఆరనివ్వకుండా కడిగేయాలి. ఇంకా మిగిలిన వాటిని క్లే ముద్దతో (మురికిని పట్టి లాగే మెత్తటి బంకముద్ద), బాగా జారేలా షాంపూ నీళ్లు చల్లుకుంటూ, మెల్లగా తీయాలి. ఈ పని చేయకుండా పైన సిరామిక్ వేస్తే తుప్పు లోపలే ఉండిపోతుంది. ఇది అమ్మేవారు మీకు చెప్పారా?

సార్, 9హెచ్ గురించి మీరు రాసింది సరే. కానీ కోటింగ్ ఉన్న బానెట్ మీద నీళ్లు పరుచుకోకుండా జారిపోతాయి, దుమ్ము గట్టిగా అంటదు. అంటనప్పుడు తక్కువ రుద్దుతాం. గీతలు పడేది రుద్దడం వల్లే. కాబట్టి కోటింగ్ పనికొస్తుంది.

విశ్రాంత అధ్యాపకుడు, హన్మకొండ
నేను అడిగింది గట్టిదనం గురించి. మీరు జారుడు గురించి చెబుతున్నారు. జారుడే కావాలంటే వ్యాక్స్ కూడా ఇస్తుంది. కార్నౌబా వ్యాక్స్ బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు, మన మే నెల ఎండకు తట్టుకుంటుంది. మీ బోర్డు మీద 9హెచ్ అని ఉందా, లేదా? అది చెప్పండి.

గోదావరిఖని ఉద్యోగి
నా అనుభవం వినండి. నల్ల కారు. బొగ్గు లారీల దారిలోనే డ్యూటీకి వెళ్లి రావాలి. ఒక పెద్ద దుకాణంలో 28 వేలు పెట్టి సిరామిక్ వేయించాను. అదీ ఐదేళ్ల వారంటీయే. మొదటి వేసవికే పైకప్పు నిండా తెల్లటి నీటి మచ్చలు. వెళ్లి అడిగితే, ఆరు నెలలకోసారి డబ్బు కట్టి మెయింటెనెన్స్ చేయించుకోలేదు కాబట్టి వారంటీ చెల్లదన్నారు. ఆ షరతు కాగితం వెనుక సన్న అక్షరాల్లో ఉంది. డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం ముందువైపే చూపించారు. అప్పటి నుంచి కోటింగ్ మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది.

నయీంనగర్ డీటెయిలింగ్
ఆ మచ్చలు బోరు నీళ్లవి అన్నా. కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఎండలో కడిగి తుడవకుండా వదిలేస్తే నీళ్లు ఆవిరై లవణం మిగులుతుంది. కోటింగ్ మీద నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయి కాబట్టి మచ్చలు గుండ్రంగా ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. కొత్త మచ్చలైతే తెల్ల వినెగర్‌లో అంతే నీళ్లు కలిపి, నీడలో అద్ది, వెంటనే కడిగితే పోతాయి. పాతబడితే పెయింటును తింటాయి. అప్పుడు పాలిష్ తప్పదు. చివరిసారి పోసే నీళ్లైనా మిషన్ భగీరథవి పట్టుకోండి. అవి నదుల నీళ్లు, బోరు నీళ్లంత ఉప్పు ఉండదు.

గోదావరిఖని ఉద్యోగి
ఇదే ముక్క డబ్బు కట్టిన రోజు చెప్పి ఉంటే?

వరంగల్ ట్యాక్సీ
కారు కడగడానికి కూడా భగీరథ నీళ్లా! మా వీధికి ఎండాకాలంలో తాగడానికే సరిగా రావు.

విశ్రాంత అధ్యాపకుడు, హన్మకొండ
నేను అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. బోర్డు మీద 9హెచ్ ఉందా?

మరో విషయం. ఏడాదికోసారి బఫింగ్ (మిషన్‌తో రుద్ది మెరుగు పెట్టడం) చేయించుకోమని చెప్పే దుకాణాలు ఉన్నాయి. కారు పెయింటు మొత్తం మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో మెరుపునిచ్చే పై పొర, క్లియర్ కోటు, 40, 50 మైక్రాన్లే ఉంటుంది. అంటే మనం రాసుకునే కాగితం మందంలో సగం. కాంపౌండ్ (అరగదీసే ముద్ద) పెట్టి మిషన్ తిప్పిన ప్రతిసారీ అందులో కొన్ని మైక్రాన్లు పోతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగును కాపాడేది ఆ పొరే. ఉన్న పొరను అరగదీసి, దాని మీద మైక్రాన్ మందం కోటింగ్ వేసి, రక్షణ అని అమ్ముతున్నారు. టెఫ్లాన్ కోటింగ్ కాలంలోనూ ఇదే జరిగింది. దేనికీ అంటుకోకపోవడమే ఆ పదార్థం గుణం, అది కరగాలంటే 327 డిగ్రీలు కావాలి. అలాంటిది గుడ్డతో రుద్దితే కారుకు అంటుకుంటుందని చెప్పి అమ్మారు. జనం కొన్నారు. ఈ వృత్తిలో ఉన్నవారందరూ జనం తెలియనితనం మీదే బతుకుతున్నారు.

నయీంనగర్ డీటెయిలింగ్
సార్, ఇప్పటిదాకా మర్యాదగానే మాట్లాడాను. ‘అందరూ’ అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఉంది. నా బోర్డు మీద 9హెచ్ అని ఉంది. ఎందుకు ఉందో కూడా వినండి.

ఒక కారుకు సిరామిక్ ద్రవం 30 నుంచి 50 మిల్లీలీటర్లు సరిపోతుంది. అది ఒక చిన్న సీసా. బిల్లులో దాని ఖర్చు చిన్నదే. మిగతాదంతా చేతుల పని. కడగడం, ఇనుము తీయడం, క్లే పట్టడం, గీతలున్నచోట మాత్రమే మిషన్ పెట్టడం, ఆల్కహాల్‌తో జిడ్డు తుడవడం, తరువాత ఒక్కొక్క భాగానికి ద్రవం పూసి, అది ఇంద్రధనుస్సు రంగులు తిరగడం చూసి, గట్టిపడకముందే తుడిచేయడం. క్షణం ఆలస్యమైతే మరక మిగులుతుంది, మళ్లీ పాలిష్ చేయాలి. నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పని చేస్తారు, ఇద్దరూ పరకాల వైపు నుంచి వస్తారు. ఒక కారు మీద రెండు రోజులు నడుం వంచుతారు.

మొదట్లో నేను సిరామిక్ పెట్టలేదు. ‘చేత్తో శుభ్రం చేసి వ్యాక్స్ వేయబడును, కూలి ఇంత’ అని రాశాను. వచ్చినవారు కార్లు దిగకుండానే ‘కడగడానికి ఇంతా?’ అని వెళ్లిపోయారు. సీసాకు 20 వేలంటే బేరమాడరు. మనిషి చేతికి 2 వేలంటే సగానికి అడుగుతారు. మీరు అంకె తప్పంటున్నారు. ఆ అంకె కింద దాక్కున్నది ఈ కుర్రాళ్ల కూలి.

విశ్రాంత అధ్యాపకుడు, హన్మకొండ
నా అభ్యంతరం సరిగ్గా అదే. కూలి న్యాయమైనదైతే దాన్ని అబద్ధం వెనుక దాచవలసిన పని లేదు. మీరు దాచిన కొద్దీ జనం సీసాకే విలువ ఉందని నమ్ముతారు, ఆ కుర్రాళ్ల పనికి ఇంకా తక్కువ కడతారు. వారికి మేలు చేస్తున్నానని మీరు అనుకుంటున్నారు. జరుగుతున్నది దానికి విరుద్ధం. అయినా ఎవరి కారు వారు కడుక్కుంటే ఈ గొడవే ఉండదు. నేను ఆదివారం ఉదయం చెట్టు నీడలో రెండు బకెట్లు పెట్టుకుని కడుక్కుంటాను. ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి. నా కారు మీద వలయాల గీతలు లేవు.

నయీంనగర్ డీటెయిలింగ్
సొంత ఇల్లు, చెట్టు నీడ, ఆదివారం సెలవు ఉన్నవారి మాట అది సార్. నా దగ్గరి కుర్రాళ్లకు ఆదివారమే పని ఎక్కువ.

సుబేదారి అక్క
ఇద్దరూ సీసా దగ్గర, దుకాణం దగ్గర ఆగిపోయారు. కారుకు గీతలు పడేది రోజూ ఉదయం అపార్ట్‌మెంట్‌లో. మా దగ్గర ఒక అబ్బాయి తుడుస్తాడు. నెలకు కారుకు 500. ఒక్క బకెట్, ఒక్క గుడ్డ, వరుసగా అన్ని కార్లు. మొదటి కారు మీది ఇసుక చివరి కారు దాకా ప్రయాణం చేస్తుంది. 24 వేల కోటింగ్ వేయించిన మా పక్కింటి వారి కారునూ అదే గుడ్డతో తుడుస్తున్నాడు. అతన్ని తిడతారు గానీ, వేరే గుడ్డ కొనివ్వరు. నేను నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు కొనిచ్చి, నా కారుకు వాటినే వాడమన్నాను, నెలకు 200 ఎక్కువ ఇస్తున్నాను. పొడి గుడ్డ పెట్టవద్దు, ముందు నీళ్లు పోయి బాబూ అని చెప్పాను. పోస్తున్నాడు.

గోదావరిఖని ఉద్యోగి
బొగ్గు దుమ్ముకు కూడా అంతేనా అక్కా? ముందు నీళ్లేనా?

సుబేదారి అక్క
దేనికైనా. దుమ్ము నీటితో జారిపోయాకే చేయి పెట్టాలి. మేడారం వెళ్లి వచ్చిన ఎర్ర దుమ్ముకైనా అంతే.

వరంగల్ ట్యాక్సీ
ఆ అబ్బాయికి 200 పెంచారు చూడండి, ఆ మాట నాకు నచ్చింది. సబ్బు పొడి మాత్రం నేను మానను.

కాజీపేట నివాసి
అందరికీ ధన్యవాదాలు. ఒక నిర్ణయానికి వచ్చాను. ఐదేళ్ల వారంటీ కాగితం నాకు వద్దు. నయీంనగర్ అన్నా, తుప్పు చుక్కలు తీసి, బఫింగ్ లేకుండా, వ్యాక్స్ మాత్రం వేయాలంటే ఎంత తీసుకుంటారు? కూలి వేరుగా, మందుల ఖర్చు వేరుగా చెప్పండి. బేరమాడను. పట్టాల పక్కనే ఉంటాం కాబట్టి ఇనుము మళ్లీ పడుతుందని తెలుసు, ఏడాదికోసారి చేయించుకుంటాను.

నయీంనగర్ డీటెయిలింగ్
కూలి 2,200, మందులు, వ్యాక్స్ కలిపి 900. వ్యాక్స్ రెండు మూడు నెలలకు మించి ఉండదు, అది ముందే చెబుతున్నాను. ఆ తరువాత మీ బావ గారి డబ్బా పద్ధతే, ఇంట్లో వేసుకోవచ్చు. ఉదయం ఏడు లోపు తీసుకురండి, ఎండెక్కితే ఐరన్ రిమూవర్ వాడలేం. వచ్చేముందు గుడ్డతో తుడవకండి.

విశ్రాంత అధ్యాపకుడు, హన్మకొండ
బిల్లు కూడా అలాగే రెండు వరుసలుగా రాసివ్వండి. బోర్డు మీది 9హెచ్ సంగతి మాత్రం నేను వదలను.

నయీంనగర్ డీటెయిలింగ్
బిల్లు రాసిస్తాను సార్. బోర్డు మీది అంకె ఉంటుంది. పక్క దుకాణం వారు తీసిన రోజు నేనూ తీస్తాను.