పెద్దగట్టు యురేనియం నేలలోనే ఎందుకు రగలదు?

ప్రశ్న (దేవరకొండ):
మా జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టు నేలల్లో యురేనియం ఉన్నదని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఒక్క న్యూట్రాన్ తగిలితే చాలు, గొలుసు చర్య మొదలవుతుందని పాఠంలో చదివాను. అట్లయితే ఆ ఖనిజం తనంతట తానే ఎందుకు రగలడం లేదు?

జవాబు (మిర్యాలగూడ, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు):
యురేనియం-235 కేంద్రకం చీలినప్పుడు రెండు మూడు న్యూట్రాన్లు వెలువడతాయి. వాటిలో సగటున కనీసం ఒక్కటైనా మరో కేంద్రకాన్ని చీలిస్తేనే గొలుసు తెగకుండా సాగుతుంది. సహజ యురేనియంలో ఈ 235 రకం సుమారు 0.7 శాతమే. మిగిలినదంతా దాదాపుగా 238 రకం కాగా, అది న్యూట్రాన్లను చీలకుండానే మింగేస్తుంది. పైగా మన రాతిలో యురేనియమే బహు స్వల్పం కనుక, చాలా న్యూట్రాన్లు ఇతర పరమాణువుల పాలవుతాయి. పాఠ్యపుస్తకంలోని బొమ్మ ఈ నష్టాలను చూపదు, చిక్కంతా అక్కడే వస్తుంది.

జవాబు (అచ్చంపేట):
నేలలో ఎన్నడూ రగలలేదని మాత్రం అనకండి. ఆఫ్రికాలోని గాబన్ దేశంలో, ఓక్లో గనిలో, సుమారు 200 కోట్ల ఏళ్ల క్రితం సహజంగానే గొలుసు చర్య నడిచిందని 1972లో బయటపడింది. అప్పట్లో 235 రకం మూడు శాతానికి పైగా ఉండేది. రాళ్లలోకి ఇంకిన నీరు న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించేది; నెమ్మదించిన న్యూట్రాన్లే 235 కేంద్రకాన్ని సులువుగా చీలుస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
మరి మన దేశంలో శుద్ధి చేయని యురేనియంతోనే రియాక్టర్లు నడుస్తాయంటారు కదా?

జవాబు (మిర్యాలగూడ):
శుద్ధి చేస్తారు, కానీ మన రియాక్టర్లలో చాలావాటికి 235 వాటాను పెంచరు. వాటిలో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి మామూలు నీటికి బదులు, న్యూట్రాన్లను చాలా తక్కువగా మింగే భారజలాన్ని (బరువైన రకం హైడ్రోజన్ ఉన్న నీటిని) వాడతారు. మన మణుగూరులో తయారయ్యేది అదే.