తుంటి ఆపరేషన్ తర్వాత నొప్పికి ఏ నరాల బ్లాక్ మేలు?

మా అమ్మకు తుంటి కీలు మార్పిడి చేయబోతున్నారు. వయసు 78. ఇదివరకు మార్ఫిన్ ఇచ్చినప్పుడు వాంతులతో పాటు మతి తప్పి, మంచం కమ్మీ పట్టుకుని ఇంటికి పోతానని లేవబోయింది. అందుకే ఈసారి నరాల బ్లాక్ (నొప్పి తెలియకుండా నరాల దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్) వైపు మొగ్గుతున్నాం.

మత్తు డాక్టరు ఇందులో రెండు రకాలు చెప్పారు: గజ్జల దగ్గర ఇచ్చే ఫేషియా ఇలియాకా, తుంటి కీలు చుట్టూ ఉన్న నరాలకిచ్చే పెంగ్. మొదటిదానిలో తొడ ముందు కండరం పట్టు తప్పి, నడిపించేటప్పుడు మోకాలు మడతపడవచ్చట. 2018లో తొలిసారి వివరించిన పెంగ్‌లో ఆ బెడద తక్కువే గానీ బొత్తిగా లేకపోలేదట. నొప్పికన్నా ఆమె పడిపోతుందేమోనన్నదే నా భయం!

చేయించుకున్నవారు, చేసే వైద్యులు చెప్పండి: మర్నాడు నిలబడగలిగారా? ఇంజెక్షన్ ప్రభావం దిగిపోయాక నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడకుండా పారాసిటమాల్ ముందే మొదలుపెట్టారా? రక్తం పలచబరిచే మాత్రలు వెన్ను మత్తుకైతే ఆపాలన్నారు, వీటికీ ఆపాలా?