3+0 చెస్‌లో 1450 దగ్గరే ఆగిన రేటింగ్: ఏం మార్చాలి?

ప్రశ్న (విజయవాడ): మా తమ్ముడు రోజూ ఆన్‌లైన్లో 3+0 (ఒక్కొక్కరికి మూడే నిమిషాలు, ఎత్తుకి అదనపు సెకన్లు లేవు) ఆడతాడు. తెల్లపావులైతే ఇటాలియన్ ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరస), గుర్రం జీ5కి దూకి ఎఫ్7 మీద పడటమే. దాడి బాగా చూస్తాడు. ఎండ్‌గేమ్‌కొస్తే (కొద్ది పావులే మిగిలినప్పుడు) డ్రా కావాల్సినవీ పోతున్నాయి.

జవాబు 1: ఆ దాడి మీదే ఆశ పెట్టుకోవద్దనండి. అవతలివాడు పాన్ (బంటు) డీ5కి తోసి, మనం కొట్టాక గుర్రాన్ని ఏ5కి తెస్తే మంట అక్కడే చల్లారుతుంది. అప్పుడు బీ5లో బిషప్ చెక్, సీ6, కొట్టు, బీ పాన్‌తో కొట్టు, బిషప్ డీ3కి. ఒక పాన్ ఎక్కువే, కానీ పావులు బయటికి రాలేదు. అక్కడ మళ్లీ ఎగబడితే కొంప మునుగుతుంది.

జవాబు 2: ముందు ఫిలిడోర్ (రూక్, అంటే ఏనుగు ఎండ్‌గేమ్‌లో ఒక పాన్ తక్కువున్నా డ్రా చేసుకునే పద్ధతి) నేర్పించండి. తెల్ల పాన్ ఈ5లో, మన నల్ల రాజు ఈ8లో ఉంటే రూక్ ఆరో వరసలోనే కాపలా కాయాలి. పాన్ ఈ6కి వచ్చిందా, రూక్ వెంటనే ఒకటో వరసకి దిగి వెనకనుంచి చెక్‌లు. చాలామంది తొందరపడి ముందే దిగుతారు, ఓడతారు.

జవాబు 3: 3+0లో ఇవి ఆలోచించే టైమేదీ? 15+10 (పదిహేను నిమిషాలు, ఎత్తుకి పది సెకన్లు అదనం) ఆడించండి. మన హంపి 2019లో, 2024లో గెలిచిన మహిళల ప్రపంచ ర్యాపిడ్‌దీ అదే టైమ్. ఓడిన గేమ్ ముందు తనే చూసుకోవాలి, ఇంజిన్ (తప్పులు చూపే కంప్యూటర్ ప్రోగ్రామ్) తర్వాతే.

ప్రశ్న అడిగినవారు: రూక్ ముందే దించేస్తున్నాడు, సరిగ్గా అదేనండి.