లేచిన ప్రతిసారీ కంప్యూటర్ లాక్ చేయాలా, టైమర్ పెడితే చాలదా?

పాలకొల్లు రైస్‌మిల్లు:
మా మిల్లు ఆఫీసులో ఒకటే డెస్క్‌టాప్, ముగ్గురం వాడతాం. మొన్న దాళ్వా ధాన్యం వస్తున్నప్పుడు నేను భోజనం చేసొచ్చేసరికి ఒక రైతు లోడు 140 బస్తాలు కాస్తా 104 అయింది. ఆయన కాటా చీటీ తెచ్చి చూపించాక గాని తెలియలేదు. మాట నా మీదకొచ్చింది. అప్పట్నుంచి కుర్చీలోంచి లేస్తే చాలు, విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కేస్తున్నాను. తోటివాళ్ళు అతి అంటున్నారు. మీరేమంటారు?

తణుకు సిస్టమ్స్:
అతేనండి. రోజుకి ముప్పైసార్లు పాస్‌వర్డ్ కొడుతూ కూర్చుంటారా? స్క్రీన్ సేవర్ సెట్టింగ్స్‌లో వెయిట్ 5 నిమిషాలు పెట్టి, పక్కనున్న 'ఆన్ రెజ్యూమ్, డిస్‌ప్లే లాగాన్ స్క్రీన్'కి టిక్ పెట్టండి. దానంతటదే లాక్ పడుతుంది.

పాలకొల్లు రైస్‌మిల్లు:
140ని 104 చేయడానికి ఐదు నిమిషాలు కావాలాండి? పది సెకన్ల పని.

రాజోలు ఆక్వా:
మా కీబోర్డులో విండోస్ కీ పోయింది. వేరే దారి ఉందా అండి?

తణుకు సిస్టమ్స్:
కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కండి, లాక్ అని కనిపిస్తుంది. మిల్లువారూ, అయిదెక్కువైతే ఒక్క నిమిషం పెట్టుకోండి. లేదా డైనమిక్ లాక్ ఆన్ చేసి ఫోన్‌ని బ్లూటూత్‌తో జత చేయండి. ఫోన్ దూరమైన కాసేపటికి లాక్ అవుతుంది.

పాలకొల్లు రైస్‌మిల్లు:
నిమిషం పెడితే రైతుతో లెక్క మాట్లాడుతుండగానే తెర ఆగిపోతుంది. బ్లూటూత్ అంటారా, మేం తినేది గోడ అవతలే, అక్కడికీ అందుతుంది.

కాకినాడ స్టూడెంట్:
ఉబుంటులోనూ అదే, సూపర్ కీ, ఎల్. మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, క్యూ.

తణుకు సిస్టమ్స్:
ఏం చెప్పినా కాదంటున్నారు. లాక్‌తో నేను పడ్డ బాధ చెప్తాను వినండి. మా షాపులో ఒకాయన ఇలాగే లాక్ చేసి ఊరెళ్ళాడు. పాస్‌వర్డ్ ఆయనకి తప్ప తెలియదు, ఫోన్ ఎత్తలేదు. ఆరోజు 20వ తేదీ, జీఎస్‌టీఆర్-3బీకి, అంటే నెలనెలా వేసే జీఎస్‌టీ రిటర్న్‌కి, ఆఖరి రోజు. లేటు ఫీజు నా జేబులోంచి కట్టాను.

భీమవరం అకౌంట్స్:
మిల్లువారూ, మీ ముగ్గురిదీ ఒకే పాస్‌వర్డా?

పాలకొల్లు రైస్‌మిల్లు:
అవునండి, ఓనర్ గారు పెట్టిందే. మానిటర్‌కి చీటీ అంటించి ఉంటుంది.

తణుకు సిస్టమ్స్:
మరి ఇంతసేపూ లాక్ వేసి ఎవరిని ఆపుతున్నట్టు? చీటీ చూసి ఎవరైనా తీసేస్తారు!

పాలకొల్లు రైస్‌మిల్లు:
నేనెవర్నీ ఆపడం లేదండి! ఆ 36 బస్తాల డబ్బు నా జీతంలో కోశారు. ఆ ఎంట్రీ మార్చింది నేను కాదని చెప్పుకోడానికి నా దగ్గర ఏముంది? కనీసం లాక్ వేసే లేచానని చెప్పుకుందామని నా తాపత్రయం.

భీమవరం అకౌంట్స్:
మీ బాధ అర్థమైంది. కానీ లాక్ మీకు సాక్ష్యం చెప్పదు. ఒకే అకౌంట్‌లో ముగ్గురు పనిచేస్తే ఎవరు ఏం మార్చినా అది ఒకే పేరు మీద ఉంటుంది. విండోస్‌లో ముగ్గురికీ వేరు వేరు అకౌంట్లు చేయించండి. లెక్కలు టాలీలో రాస్తుంటే అందులోనూ ఎవరి యూజర్ వాళ్ళకి ఉండాలి. టాలీ ప్రైమ్ ఎడిట్ లాగ్‌లో ఏ వోచర్ ఎప్పుడు, ఏ యూజర్ మార్చారో కనిపిస్తుంది. తణుకు గారూ, మీ ఇబ్బందికీ అదే మందు. ఆయన లాక్ చేసి వెళ్ళినా మీరు మీ అకౌంట్‌తో లోపలికి వెళ్ళేవారు.

తణుకు సిస్టమ్స్:
జీతం కోశారని ముందే చెప్పుంటే నేను నిమిషాల లెక్క పట్టుకుని వాదించేవాణ్ణి కాదండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఓనర్ గారి దగ్గరే ఉండాలి, అక్కడ నేను తగ్గను.

పాలకొల్లు రైస్‌మిల్లు:
వేరే అకౌంట్ అడిగితే 'పక్కవాళ్ళ మీద నమ్మకం లేదా' అంటారని టెన్షన్. అయినా రేపు అడుగుతాను. అప్పటిదాకా ఆ చీటీ పీకేస్తాను.

తణుకు సిస్టమ్స్:
పీకేయండి. అయిదు నిమిషాల టిక్ కూడా పెట్టండి, మీరు లాక్ వేయడం మర్చిపోయిన రోజుకి పనికొస్తుంది.