ఇరవై పడకల నర్సింగ్ హోమ్: ప్లాను దశలోనే ఏమి సరిచూసుకోవాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి):
మా అక్క, బావ ఇద్దరూ డాక్టర్లు. పాత ఇంటిని తీసివేసి, ఆ స్థలంలో ఇరవై పడకల నర్సింగ్ హోమ్ కట్టాలని వారు తలపెట్టగా, ప్లాను చూసే పని నా మీద పడింది. అందులో రిసెప్షన్ మీద పెట్టిన శ్రద్ధ వార్డు మీద పెట్టినట్లు నాకు కనిపించలేదు. ఎండలకు భయపడి వార్డు కిటికీలు కుదించి స్ప్లిట్ ఏసీలు చూపించారు; నేలంతా పాలిష్ చేసిన నల్లని కడప బండలు; పెరట్లోని వేపచెట్టును పార్కింగ్ కోసం కొట్టేయాలంటున్నారు. రోగులు జారిపడకుండా, ఒకరి జబ్బు మరొకరికి అంటకుండా ఉండాలంటే ఇప్పుడే ఏమేమి మార్చుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (స్టాఫ్ నర్సు, కడప):
నేను చూసినంతలో రోగులు పడిపోయేది ఎక్కువగా రాత్రిపూట, మంచానికీ బాత్రూమ్‌కూ మధ్యనే. ఇంతకుముందు నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో నీళ్లు వార్డులోకి రాకుండా బాత్రూమ్‌కు రెండంగుళాల గ్రానైట్ గడప పెట్టారు. ఒక తెల్లవారుజామున ఒక పెద్దాయన సెలైన్ స్టాండు తోసుకుంటూ వెళ్తుంటే దాని చక్రం గడపకు తగిలి ఆగిపోయింది, ఆయన మాత్రం ముందుకు పడిపోయారు. తలుపు లోపలికి తెరుచుకునేది కావడంతో, దానికి అడ్డంగా పడి ఉన్న మనిషి దగ్గరికి చేరడానికే మేము చాలాసేపు పెనుగులాడాము. కాబట్టి గడప వద్దు; తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ బయటి నుంచి కూడా తీయగలిగేలా ఉండాలి.

రోగికి తోడుగా వచ్చేవారిని ప్లాను గీసేవారు లెక్కలోకే తీసుకోరు. వారు చాప, టిఫిన్ క్యారియర్‌తో రెండు మంచాల మధ్య నేల మీదే పడుకుంటారు. అర్ధరాత్రి ఇంజెక్షన్ ట్రే పట్టుకుని వారిని దాటుకుంటూ వెళ్లడం మాకు మామూలే. కిటికీ కింద ఒక మనిషి పడుకునేంత అరుగు కట్టించండి.

జవాబు 2 (సివిల్ ఇంజనీరు, కర్నూలు):
గడప విషయంలో నర్సు గారి మాటే నా మాట. బాత్రూమ్ నేలకు లోపలి వైపు సరైన వాలు ఇస్తే నీళ్లు బయటికి రావు. నల్లని పాలిష్ బండ మీద నీళ్లు పడినా కంటికి ఆనవు కనుక, మా ప్రాంతపు రాయే అయినా వార్డులో వేయమని నేను చెప్పను. గోడ పట్టుకుని నడిచేవారు టవల్ రాడ్డునే ఊతగా పట్టుకుంటారు, అది ఊడి వస్తుంది. మనిషి బరువు మోసే కమ్మీలను గోడలోకి బోల్టులతో బిగించాలి.

ఇక గాలి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది తప్ప బయటి గాలిని తేదు. పెరూలోని లిమా ఆసుపత్రుల మీద 2007లో వెలువడిన అధ్యయనంలో, తలుపులు, కిటికీలు తెరిచిన గదుల్లో గాలి గంటకు సగటున 28 సార్లు మారగా, యంత్రాలతో గాలి పంపే క్షయ గదులకు సిఫారసు చేసిన లెక్క 12 సార్లు మాత్రమే. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాత కట్టడాలే అక్కడ మెరుగ్గా నిలిచాయి. మన మే నెల మధ్యాహ్నం కిటికీలు తెరవలేమన్నది నిజమే; అందుకే లోతైన సజ్జాలు, కప్పు దగ్గర వెంటిలేటర్లు, ఉదయం సాయంత్రం ఎదురెదురుగా తెరిచే కిటికీలు కావాలి.

జవాబు 3 (జనరల్ ఫిజీషియన్, కర్నూలు):
వేపచెట్టును కొట్టించకండి. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులను రోజర్ ఉల్రిక్ పరిశీలించి 1984లో ప్రచురించారు. కిటికీలోంచి ఇటుక గోడ కనిపించినవారికంటే చెట్లు కనిపించినవారు త్వరగా ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. ఒకే ఆసుపత్రి, కొద్దిమంది రోగులు కనుక దాన్ని మరీ పెద్దది చేసి చెప్పను. కానీ చెట్టు పడమటి వైపు ఉంటే ఇంజనీరు గారి ఎండ సమస్యకూ అది సగం పరిష్కారం. ప్రతి మంచం దగ్గరా చేతులకు రాసుకునే శానిటైజర్ పెట్టించడం మరవకండి. నీటి ఎద్దడి ఉన్న ఊరిలో వార్డు చివరి వాష్‌బేసిన్‌నే నమ్ముకోలేము.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. చెట్టు పడమరనే ఉంది, పార్కింగ్‌ను ముందుకు జరపమన్నాను. అయితే బాత్రూమ్ తలుపు బయటికి తెరిస్తే నడవాలో స్ట్రెచర్‌కు తగులుతుందని మేస్త్రీ అంటున్నాడు, నడవా ఆరడుగులే.

జవాబు 2 రాసినవారు:
నడవాను ఎనిమిది అడుగులు చేయించండి, స్ట్రెచర్లు ఎదురుపడితే ఎలాగూ కావాలి. అంతవరకు కుదరకపోతే గోడకు బయటి వైపున పక్కకు జరిగే తలుపు వేలాడదీయండి. కింద పట్టా మాత్రం వేయనివ్వకండి, వేస్తే మళ్లీ గడపే అవుతుంది.